గ్రైండరు మింగిన నంబరు

మామిడి తోపుల్లో తిప్పే నా పాత డర్ట్ బైకు ఫ్రేముకు కొత్త రంగేయిద్దామని ఈ పొద్దు గ్రైండరు పట్టినాను. తుప్పంతా లేపేసి, హ్యాండిల్ కింద మెడను అద్దంలా చేసి, బంగారుపాళ్యంలో పెయింటరు మస్తానన్నకు గొప్పగా చూపించినాను.

ఆయన చేత్తో తడిమినాడు. "మెడ మీద కొట్టిన ఛాసిస్ నంబరు యాడప్పా? దాని మీద టేపు అంటించుకోమంటిని గదా!"

వంగి మెడ చుట్టూ ఎతికినా, తుప్పుతో పాటు నంబరూ లేచిపోయింది.

"ఇంకెవురన్నా తెచ్చింటే దొంగబండి అనుకుందును" అన్నాడు.

పోయిన నెల నంబరు అరిగిన బండి అమ్మకానికి తెచ్చిన ముసలాయన్ని దొంగ అని, ఆయన ఫొటోతో సహా ఈ గ్రూపులోనే పోస్టు పెట్టింది నేనే. తుప్పుకు పోయిందప్పా అని ఆయన మొత్తుకున్నా వినలేదు.

ఆ పోస్టులో ఆయన ఫొటో తీసేసి నా ఫొటో పెట్టినా. ఆయన్ని తిట్టినోళ్లంతా రాండి, మొహమాటపడొద్దు.