వంకాయరంగు నాలుక

మనిషి నాలుక రంగు చూసి నేరం పట్టుకున్న డిటెక్టివు ఎవరన్నా ఉన్నారంటే అది నేనే. పట్టుకున్నది నా పెళ్లిచూపుల్లో. పట్టుబడ్డ నాలుక పిల్ల తండ్రిది. ఆ తర్వాత నా బతుకు ఏమై ఉంటుందో మీరే ఊహించుకోవచ్చు కాని, ఊహించుకోనివ్వను, నేనే చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఖానాపూర్ బడిలో పంతులు ఉద్యోగం. ధ్యాసంతా ఊరి గ్రంథాలయం మీద. అందులో నేను ముట్టుకునేవి ఒకే రకం పుస్తకాలు, పాడుబడ్డ బంగళాల నవలలు. వాటి మీద నాకు గట్టి అభిప్రాయాలుండేవి. తలుపు కిర్రుమందంటే లోపల దయ్యం ఉన్నట్టు కాదు, ఇంటాయన చుక్క నూనె వేయని పీనాసి అన్నట్టు. తెల్లచీర ఆడమనిషి లాంతరు పట్టుకుని మేడంతా తిరుగుతుంది గాని ఆ చీరకు ఇంత మసి అంటదు. మా ఇంటి లాంతరు ముట్టుకుంటే నా ధోవతి ఏమయ్యేదో ఆ రచయితలకేం తెలుసు?

అన్నిటికంటే పెద్ద అభిప్రాయం ఏమిటంటే, ఏ బంగళాలో ఎవరు చచ్చినా చంపింది డాక్టరే. పన్నెండో పేజీకల్లా నాకు తెలిసిపోయేది. తెలిసింది దాచుకునే స్వార్థం లేదు కనుక పేజీ అంచున పెన్సిలుతో రాసిపెట్టేవాణ్ని. "హంతకుడు డాక్టర్. మిగిలింది సదువకున్నా నడుస్తది."

ఒకనాడు పాత నవల మళ్లీ తెరిస్తే నా రాత కింద వంకాయరంగులో మరో రాత కనిపించింది.

"డాక్టర్ గాదు, వంటమనిషి. జర ఆఖరుదాంక సదివి మాట్లాడు."

నాకు ఒళ్లు మండింది. "నువ్వెవలు నాకు చెప్పెటందుకు?" అని రాశాను. పది రోజులకు జవాబు వచ్చింది. "పుస్తకం మొత్తం సదివినోళ్లం."

ఇక ఏ నవల తీసినా యుద్ధమే. నేను "దయ్యాలను నమ్మే మొఖం" అంటే, "దయ్యం కన్న నీ తెలివి జూస్తెనే భయమైతుంది" అని జవాబు. వాదించడానికి ఏమీ మిగలక చివరికి నేను దిగజారి ఇలా రాశాను: "నీ ఇంటికి అల్లుడయ్యేటోడు ఎవడో గని, పాపం."

దానికి జవాబు రాలేదు. గెలిచాననుకుని రెండు రోజులు మీసం దువ్వాను. అయినా ఆ మనిషెవడో తేలాలి కదా. ఆ వంకాయరంగు కాపీయింగ్ పెన్సిలుది. మొన నాలుకకు అద్దుకుని రాస్తే సిరాలా పడుతుంది, నాలుక మాత్రం సాయంత్రం దాకా అదే రంగులో ఉంటుంది. అంటే నాలుక దొరికితే దొంగ దొరికినట్టే. తపాలా ఆఫీసులో వాడేది అలాంటి పెన్సిలే కనుక ముందు పోస్టుమాస్టరు దగ్గరికి వెళ్లాను.

"సార్, జర నాలుక చూపెట్టుండ్రి."

"ఎందుకు, పంతులు పని ఇడిసిపెట్టి హకీమ్ పని మొదలువెట్టినవా?" అన్నాడాయన. నాలుక పాన్‌తో ఎర్రగా ఉంది. వదిలేశాను.

ఇంతలో పెళ్లిచూపులు వచ్చాయి. పిల్ల తండ్రి అదే ఊళ్లో కలప డిపో గుమాస్తా. మగ్గం ఆపి సిరిసిల్ల నుంచి వచ్చిన మా బాపు దారిలోనే హెచ్చరించాడు. "మూడు సంబంధాలు నీ నోటితోనే పోయినయ్. గిది గూడ పోతే నేను మళ్ల మగ్గం దిగ. నోరు తెరువకు."

తెరవనని మాటిచ్చాను. పిల్ల చాయ్ తెచ్చి మా బాపు ముందు పెట్టి, నా వంక సూటిగా చూసి, నవ్వు ఆపుకుంటున్నట్టు తల దించుకుంది. నాకు పిల్ల నచ్చింది. ఎంత నచ్చిందంటే, ఈ సంబంధం తప్పిపోతే ఎట్లా అని మొదటిసారి భయం వేసింది. సరిగ్గా అప్పుడే వాళ్ల నాయన చాయ్ తాగి హాయిగా ఆవులించాడు. నాలుక ఈ చివరి నుంచి ఆ చివరికి వంకాయరంగు.

"రాసింది మీరేనా?" అన్నాను లేచి నిలబడి.

"ఏంది రాసేది?"

"డాక్టర్ గాదు, వంటమనిషి అని."

ఆయన మా బాపు వైపు తిరిగాడు. "పిలగానికి పానం మంచిగుందా?"

"పొద్దుగాల దాంక మంచిగనే ఉండె" అన్నాడు బాపు నీరసంగా.

నేను ఆగితే కదా. "గ్రంథాలయం పుస్తకాలు మీ ఇంటికి ఎవరు తెస్తరు?"

"నేనే తెస్త."

"కాపీయింగ్ పెన్సిల్ ఎవరిది?"

"డిపోది. లెక్కలు దాంతోనే రాస్త, రాత్రికి ఇంటికి తెస్త."

"ఇంకేం, ఒప్పుకున్నట్టే."

"అయ్యా, నేను సదివిందంత ఉర్దూల" అన్నాడాయన నిదానంగా. "తెలుగుల నాకు నా పేరు గూడ రాయరాదు. పుస్తకాలు సదివేది ఎవలో లోపట అడుగు."

నిజమే. నిజాం కాలంలో చదువుకున్న గుమాస్తా తెలుగు నవలలు ఎందుకు చదువుతాడు? ఈ సంగతి ఆయన నాలుక చూసిన క్షణంలో నాకు తట్టలేదు.

లోపలి తలుపు తెరుచుకుంది. పిల్ల తల్లి చేతిలో పుస్తకంతో వచ్చింది. "పన్నెండో పేజీల్నే దొంగను పట్టిండు" అంది. ఆ నాలుక కూడా అదే రంగు.

బాపు తువాలు భుజాన వేసుకుని లేచాడు. ఆమె కూర్చోమని సైగ చేసి, పుస్తకం తెరిచి అందరికీ వినపడేలా చదివింది. "నీ ఇంటికి అల్లుడయ్యేటోడు ఎవడో గని, పాపం."

"గిది గూడ నువ్వే రాసినవారా?" అన్నాడు బాపు. నోరు మూసుకొమ్మన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె కూతురి వైపు తిరిగింది. "నువ్వేమంటవ్?"

"ఏడాది సంది మీ ఇద్దరి కొట్లాట సదువుకుంట నవ్వుతున్న అవ్వా" అంది పిల్ల. "ఈయన లేకుంటే ఆ నవలల్ల ఏమున్నది? నాకిష్టమే."

తల్లి మొగుడి జేబులోంచి పెన్సిలు లాక్కుంది. మొన నాలుకకు అద్దుకుని, నా వాక్యం కింద ఏదో రాసి పుస్తకం నా చేతిలో పెట్టింది. చదివాను.

"ఎవడో తెలిసింది."

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఆఖరి పేజీ చదవనిదే ఎవరినీ హంతకుడనను, పరాయి నాలుకల జోలికి పోను, పుస్తకం అంచున గీత కూడా గీయను. ఒట్టు తప్పే అవకాశం కూడా రాలేదు లెండి. మా అత్త ఉన్నన్నాళ్లూ ఇంటికి ఏ బంగళా నవల వచ్చినా ముందు ఆమే చదివేది. నా చేతికి వచ్చేసరికి పన్నెండో పేజీ అంచున హంతకుడి పేరు వంకాయరంగులో రాసి ఉండేది.