దేవదానం పిస్టల్

2005లో నన్ను ఢిల్లీకి బదిలీ చేశారు. ఒక కేంద్ర సాయుధ దళంలో అసిస్టెంట్ కమాండెంట్‌ని. ప్రముఖుల వెంట ఉండే అంగరక్షకులు నా కింద పనిచేసేవారు. డ్యూటీ దిగగానే పిస్టల్‌ను కోత్‌లో, అంటే మా ఆయుధాగారంలో, జమ చేయాలి. అంతవరకు అది నడుముకే ఉండాలి.

సబ్ ఇన్‌స్పెక్టర్ దేవదానంది బాపట్ల వైపు ఊరు. భార్య నర్సు. మయూర్ విహార్‌లో కాపురం. సర్వీసంతటిలో ఒక్క మందలింపు కూడా లేని మనిషి. ఆ చలికాలంలో ఒక ఆదివారం అతను డ్యూటీ దిగేసరికి ఆలస్యమైంది. చర్చిలో చెల్లెలికి బాప్తిస్మం. కోత్‌కు వెళ్లాలంటే నగరం అవతలికి పోవాలి. నేరుగా చర్చికే వెళ్లి, పిస్టల్‌ను కారు సీటు కింద పెట్టి, తాళం వేశాడు. ఆరాధన ముగిసి బయటికొస్తే కారు అద్దం పగిలి ఉంది. పిస్టల్ లేదు.

తానే పోలీసులకు ఫిర్యాదు చేసి, మాకూ తెలియజేశాడు. విచారణ నాకు అప్పగించారు. ఒంటిమీద ఎందుకు ఉంచుకోలేదని అడిగాను.

“దేవుడి సన్నిధిలోకి తుపాకీతో ఎట్టా పోతాను సార్?” అన్నాడు.

కొన్ని వారాలకు ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో ఒక మందుల దుకాణంలో దోపిడీ జరిగింది. అడ్డుపడిన యజమానిని దొంగ మోకాలిపై కాల్చాడు. దొంగ దగ్గర పట్టుబడ్డ పిస్టల్ మీద ఉన్న నంబరు దేవదానం పోగొట్టుకున్నదానిదే. డాక్టర్లు యజమాని కాలు తీసేయాల్సి వచ్చింది.

ఆయన్ను చూడాలని దేవదానం పట్టుబట్టాడు. విచారణ నడుస్తుండగా వద్దని చెప్పాను, వినలేదు. చివరికి ఇద్దరం మామూలు దుస్తుల్లో ఆసుపత్రికి వెళ్లాం. తానెవరో దేవదానం హిందీలో చెప్పాడు. ఆయన నెమ్మదిగా అడిగాడు.

“అచ్ఛా. అది మీ దగ్గరే ఉండాల్సిందా?”

“అవును భయ్యా. నా దగ్గరే ఉండాలి.”

చర్చి మాట, పగిలిన అద్దం మాట దేవదానం ఎత్తలేదు. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేము వచ్చేశాం.

నిర్లక్ష్యం రుజువైందని నివేదిక రాశాను. దేవదానాన్ని హెడ్ కానిస్టేబుల్ హోదాకు దించారు. ఏడాది తిరక్కుండానే స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాడు. అంత మంచి అంగరక్షకుడు మళ్లీ నా కింద పనిచేయలేదు.

ఆ నివేదికను ఈ రోజు రాసినా అలాగే రాస్తాను. ఆయుధం ఎవరి పేరిట ఇస్తారో, తిరిగి జమ అయ్యేదాకా దాని బాధ్యత వారిదే. వదిలి వెళ్లడానికి కారణం ఎంత మంచిదైనా, గాయపడ్డవాడికి అది సమాధానం కాదు.