గోడ మీంచి పడ్డాడని రాశాను

1999లో నేను ఐర్లండ్‌లో వాటర్‌ఫోర్డ్ దగ్గర ఒక ఆసుపత్రిలో క్యాజువాలిటీ డాక్టర్ని. ఎటు చూసినా క్రేన్లు, సగం లేచిన ఇళ్లు. పనివాళ్లు దొరక్క అరవైకి దగ్గరపడ్డవాళ్లను కూడా నిచ్చెనలెక్కించేవారు. వాళ్లలో ఒకడు మిక్. జారి రెండు చేతుల మీదా పడ్డానంటూ, సిమెంటంటిన బూట్లతోనే వచ్చాడు.

ఎక్స్‌రేలో కొత్తగా విరిగిందేమీ లేదు. పాతవి మాత్రం నాలుగు కనిపించాయి. రెండు ముంజేతుల్లోనూ చిటికెనవేలి వైపు ఉండే ఎముక, మేం అల్నా అంటాం, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. కుడి అరచేతిలో మరో రెండు ఎముకలదీ అదే తీరు. ఎవరైనా కర్రెత్తితే తల కాచుకోడానికి చేతులు అడ్డం పెడతాం చూడండి, అప్పుడు దెబ్బ సరిగ్గా ఆ అల్నా మీదే పడుతుంది. ఇది మెడికల్ కాలేజీ పిల్లలకి కూడా తెలిసిన సంగతే.

"ఇవెలా అయ్యాయి?" అని అడిగాను.

"చిన్నప్పుడు గోడ మీంచి పడ్డాను, డాక్టర్."

"ఒక్క గోడ మీంచి పడితే ఇన్నా?"

ఆయన నవ్వలేదు. "పెద్ద గోడ," అన్నాడు, చొక్కా చేతులు కిందికి లాక్కుంటూ.

బయట బెంచీల నిండా జనం. రోగి నోటి మాటగా మేం రాసుకునే దాన్ని హిస్టరీ అంటారు. దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాను: చిన్నతనంలో గోడ మీంచి పడ్డాడు. కింద సంతకం గీకి, బెణుకుకి కట్టు కట్టించి పంపేశాను.

నాలుగేళ్ల తర్వాత ఆ కాగితం పట్టుకుని ఒక గార్డా వచ్చాడు. ఇక్కడ పోలీసుని అలాగే అంటారు. మిక్ పెరిగింది దిక్కులేని పిల్లల్ని పెట్టే ఒక క్రైస్తవ మఠం బడిలోనట. అక్కడ పిల్లల్ని గొడ్డుని బాదినట్టు బాదిన ఒక బ్రదర్ మీద, అంటే ఆ మఠం సన్యాసి మీద, ఇన్నాళ్లకి కేసు పెట్టారు. ఆ రోజుల్లో టీవీ పెడితే అవే కథలు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకుంటూ చెబుతుంటే సగం మంది అయ్యో అనేవారు, మిగతా సగం అబ్బే, మరీ అంతా జరిగుండదులే అనేవారు. మిక్ నష్టపరిహారం కూడా అడగలేదు. "జరిగిందని ఒక్కసారి కోర్టులో ఎవరైనా పైకి అంటే చాలు," అన్నాడట గార్డాతో.

ఆ ఎక్స్‌రేల గురించి కోర్టులో చెప్పమని మిక్ తరఫున నన్ను సాక్షిగా పిలిచారు. ఇంట్లో మా ఆయన ముందే చెప్పారు. "ఇదిగో, నీ కాంట్రాక్టు ఆర్నెల్లకోసారి రెన్యూ అవ్వాలి, గుర్తుందా? అక్కడికెళ్లి వీరనారిలా ఏదేదో వాగకు. అడిగినదానికి ఎస్, నో అని చెప్పేసి వచ్చెయ్."

"నాకు తెలీదేంటండీ!" అని విసుక్కున్నాను. తెలియకపోతేనే బాగుండేది.

కోర్టులో ఆ బ్రదర్‌ని చూస్తే ఎవరింట్లోనో తాతగారిలా ఉన్నాడు. ఆయన తరఫు బారిస్టర్ మహా మర్యాదస్తుడు. గొంతు కూడా మర్యాదగానే కోశాడు.

"ఈ చేతిరాత మీదేనా, డాక్టర్?"

"నాదే."

"కాస్త చదువుతారా?"

చదివాను.

"ఇది రాస్తున్నప్పుడు మీకేమైనా అనుమానం కలిగిందా?"

కలిగింది. ఆ మాట చెప్పడానికే కదా నన్ను పిలిచింది! కానీ చెబితే, మరెందుకు రాయలేదని అడుగుతాడు. ఆ ముక్క మర్నాడు పేపర్లో పడుతుంది. నా రెన్యూవల్ మీద సంతకం పెట్టాల్సిన పెద్ద డాక్టర్ రోజూ ఆ పేపరే చదువుతాడు. రెండో వరసలో కూర్చుని మిక్ నా మొహంలోకే చూస్తున్నాడు.

"లేదు," అన్నాను.

"గోడ మీంచి పడినా ఎముకలు ఇలా విరగొచ్చా?"

"విరగొచ్చు."

అంతే, నా పని అయిపోయింది. చివర్లో ఆ బారిస్టర్ జ్యూరీతో ఏమన్నాడో తెలుసా? ఆ బడిలో క్రమశిక్షణ ఉండేది గానీ చేతులు విరగ్గొట్టడం ఉండేది కాదు, కావాలంటే డాక్టరుగారి రాత చూసుకోండి అన్నాడు. తీర్పు రోజున సెలవు పెట్టి మరీ వెళ్లాను, సిగ్గులేనిదాన్ని. నిర్దోషి అన్నారు. ఆ బ్రదర్ తరఫువాళ్లు లేచి ఒకరికొకరు చేతులు కలుపుకున్నారు.

బయట మెట్ల మీద మిక్ ఒక్కడే నిలబడి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. వంకర వేళ్లతో ఒక పట్టాన పడటం లేదు. దగ్గరికెళ్లి, "క్షమించండి," అన్నాను.

"యూ ఆర్ గ్రాండ్, డాక్టర్," అన్నాడు. ఇక్కడ ఫరవాలేదనడానికి వాడే మాట అది. కొంపలు మునిగినా అదే అంటారు. గుండీల సంగతి వదిలేసి మళ్లీ అన్నాడు: "ఆ గోడ మాట నాది కాదు. అప్పుడు నాకు పదేళ్లు. చేతులకి కట్లు వేయించాక ఆ బ్రదరే మంచం పక్కన కూర్చుని, ఎవరడిగినా గోడ మీంచి పడ్డానని చెప్పు అన్నాడు. యాభై ఏళ్లు అదే చెప్పాను, కట్టుకున్నదానికి కూడా. ఎవ్వరూ రెండో ప్రశ్న వెయ్యలేదు. మీరొక్కరే వేశారు. ఒక్క గోడ మీంచి పడితే ఇన్నా అన్నారు."

ఆయన చేతులు విరగ్గొట్టినవాడు చెప్పమన్న అబద్ధాన్ని పట్టుకెళ్లి, కింద సంతకం పెట్టి కోర్టుకి అందించింది నేనన్నమాట.

అప్పట్నుంచి హిస్టరీ రాసేటప్పుడు, ఫలానాది జరిగింది అని రాయను. జరిగిందని రోగి అంటున్నాడు అని రాస్తాను. దాని కిందనే నాకేం కనిపించిందో, నాకేం అనుమానం వచ్చిందో రాస్తాను. రెండో ప్రశ్న వేస్తాను, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చుంటాను. ఈ కేసు నాకు నేర్పింది అదే. నేర్చుకున్నానని గొప్పగా చెప్పుకోడానికి మొహం చెల్లదు, ఎందుకంటే ఆ రోజు మెట్లు దిగబోతూ మిక్ వెనక్కి తిరిగి నన్నొక మాట అడిగాడు. కోపంగా కూడా కాదు, నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగాడు.

"నన్నంటే ఆయన చెప్పమన్నాడు, డాక్టర్. మిమ్మల్నెవరు చెప్పమన్నారు?"