యాదగిరి కడుపు గోలీ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను ఉప్పుగూడ దగ్గరి ఒక ప్రభుత్వ దవాఖానాకు గ్రేడ్-2 ఫార్మసిస్టుగా బదిలీ చేశారు. డాక్టరు చీటీ చూసి మందు తీసి, కవరు మీద మోతాదు రాసి ఇవ్వడం నా పని. నా కిటికీ పోస్టుకార్డంత, దాని ముందు వరస రైల్వే స్టేషన్ దాకా. రైలెక్కడానికి వచ్చినవాళ్లు టికెట్ల వరసనుకుని చేరి, బీపీ మాత్రలు పుచ్చుకుని పోయిన సందర్భాలు నాకు తెలుసు.

ఆ వరసలో ఒకరోజు పాల వ్యాపారి యాదగిరి వచ్చాడు. మూడు నెలలుగా నిద్ర లేదు, ఊరికే గుండెదడ. డాక్టరమ్మ దిగులు తగ్గించే మాత్ర రాసింది. సెరటోనిన్ అనే రసాయనాన్ని ఒంట్లో ఎక్కువసేపు పనిచేయించే మందు అది. యాదగిరి కిటికీలోకి భుజాల దాకా దూరాడు.

"అన్నా, గిది దిమాక్ గోలీ అని తెలిస్తే నాకు పిచ్చని మా తమ్ముడు నేను పాలు పోసే ఇండ్ల లైను గుంజుకుంటడు. కడుపు గోలీ అని రాయి, నీ కాల్మొక్త."

ఆలోచించాను. సెరటోనిన్ మెదడు సొత్తని అందరూ అనుకుంటారు గానీ, దానిలో చాలా భాగం తయారయ్యేది పేగు గోడలోనే. తిన్నది వచ్చి ఒత్తగానే అక్కడి కణాలు దాన్ని వదులుతాయి, నరాలు అందుకుని పేగును కదిలిస్తాయి. కనుక శాస్త్రం నా పక్షమే అని తేల్చుకుని, సర్వీసులోకెల్లా అందమైన దస్తూరీతో "కడుపుకు" అని రాశాను.

నాకు తట్టనిదల్లా, మా వైపు ఇళ్లలో కడుపు గోలీ ఉప్పు డబ్బాలాగా ఇంటిల్లిపాదిదీ అని.

నాలుగో రోజు యాదగిరి ఇల్లంతా దిగింది. తమ్ముడు గ్యాసని, తల్లి మలబద్ధకమని, భార్య అనసూయ వాళ్లకు తోడుగా, మూడు రోజులు మింగారట. ముగ్గురి పేగులకూ ఒకేసారి హుకుం అందింది. ఉన్నది ఒకే పాయిఖానా. దాని ముందు పోలీసు బందోబస్తు ఒక్కటే తక్కువ. పాలు అందక బస్తీ మొత్తం నల్ల చాయ్ తాగింది. తల్లి ఒక్కతే సంతోషంగా ఉంది. పది మాత్రల పట్టీలో యాదగిరికి దక్కింది ఒక్కటే.

"ఏం గోలీలన్నా ఇవి? కడుపుకని ఇస్తివి, కడుపే లేకుంట చేస్తివి!" అంది అనసూయ.

డాక్టరమ్మ ముగ్గురినీ పరీక్షించి, ప్రమాదం లేదని ఓఆర్ఎస్ ఇప్పించి, నా వైపు చూసింది. రోగి ఒప్పుకోకుండా అతని జబ్బు బయటపెట్టకూడదు. బయటపడకపోతే అతనికి మందు దక్కదు. వెనకాల నిలబడ్డ యాదగిరే గొంతు సవరించుకున్నాడు.

"గవి నా గోలీలు. ఫికర్‌కు. నిద్ర పడ్తలేదు నాకు."

"పడ్తలేదని నాకు తెల్వదా? పక్కల పండేది నేనే గద! గీ ముచ్చట ముందుగాల్ల చెప్తే నీ గోలీ ఎవరు ముడ్తుండె?"

తమ్ముడు పాల లైను సంగతి ఎత్తలేదు. పాయిఖానా ఎటని అడిగాడు.

అన్నం తిన్నాక వేసుకోమని, మొదట కడుపు కాస్త కదిలినా ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుందని, అడగకుండా ఆపొద్దని చెప్పి డాక్టరమ్మ కొత్త పట్టీ ఇప్పించింది. ఈసారి దాన్ని అనసూయ కొంగున కట్టుకుంది. రెండు నెలలకు యాదగిరి నిద్ర పడుతోందని చెప్పి వెళ్లాడు.

కవరు మీద రోగి పేరు, మోతాదు, వేళ రాయాలి. జబ్బు పేరు చెప్పుకోవడమా దాచుకోవడమా అన్నది రోగి ఇష్టం, అందులో ఫార్మసిస్టు కలం దూరకూడదు. యాభై రెండో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా నేను అంతకు మించి ఒక్క అక్షరం రాయలేదు.