రహీం భాయ్ చేతిమీద గొంగళిపురుగు

మొన్న మార్కాపురం బస్సులో మెడమీద సన్నగా దురద పుట్టింది. తడిమితే గొంగళిపురుగు. దాన్ని కాగితంతో తీసి బయట పడేసి, సంచిలోంచి గమ్ టేపు తీసి మెడకు అంటించి పీకాను. పక్కనున్న కుర్రాడు వింతగా చూశాడు. నాకు రహీం భాయ్ గుర్తొచ్చాడు.

నాకు ఇరవై ఏళ్లప్పుడు ఆయన పురుగుమందుల దుకాణంలో పనిచేశాను. గోడకు వేలాడే పెద్ద పలకమీద, ఆముదం ఆకులు తినే ఈ పురుగుల బొమ్మలు గీసి, పైన యూప్రాక్టిస్ అని ప్రజాతి పేరు, కింద లూనాటా, ఫ్రాటెర్నా అని జాతుల పేర్లు రాసేవాడు. "తల్లి పురుగు తన తోక నూగుతోనే గుడ్లకు దుప్పటి కప్పుతాది బేటా" అని మురిసిపోయేవాడు. నాకా నిజాలు చాలేవి కావు. వచ్చినవాళ్లకు నేను కోసే కోతల్లో పురుగులు పాముల్ని మింగేవి.

ఒకరోజు భాయ్ నమాజుకు పోయినప్పుడు, అర్ధవీడు నుంచి మేకలు కాసే కాశమ్మ ఆముదం ఆకుమీద పురుగుతో వచ్చింది. "ఇదేంది నాయనా?"

"నల్లమలది పెద్దమ్మా. అంటితే మూడోనాటికి మనిషి ఉండడు" అన్నాను, నవ్వాపుకుంటూ. ఆమె ఆకు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. నేను పురుగును సీసాలో వేసుకున్నాను.

మర్నాడు వాచిన చేత్తో వచ్చింది. దురదకు ఊరి అలవాటు కొద్దీ గొంగడితో గట్టిగా రుద్దుకుందట; పురుగు నూగంతా ఇంకా లోపలికి దిగింది. "రేపటితో నా పని అయిపోతాది సాయిబూ. మేకల్ని మా చెల్లెలికి అప్పజెప్పినా. ఈ దురదకన్నా మందియ్యి."

సంగతి విని భాయ్ నావైపు చూశాడు. ఆమె చేతికి టేపు అంటించి, నూగు ఊడివచ్చేలా పీకి, మళ్లీ అంటించి, సబ్బునీళ్లతో కడిగించాడు. "దురదే, చావు కాదు" అన్నాడు.

"నువ్వు నా మనసు కోసం చెప్తాండావు. ఈ పిల్లోడే నిజం చెప్పినాడు."

భాయ్ సీసా మూత తీసి, పురుగును తన ముంజేతిమీద వేసుకున్నాడు. చర్మం ఎర్రగా పొంగింది. "ఎల్లుండి రా అమ్మా. ఇద్దరం ఇక్కడే టీ తాగుదాం."

ఆ రెండు రోజులూ నా అబద్ధాన్ని నేనే నమ్మాను.

మూడోనాడు కాశమ్మ వచ్చేసరికి భాయ్ గోక్కుంటూ టీ ఊదుకుంటున్నాడు. ఆమె మెట్టుమీద కూలబడి, నవ్వి, ఏడ్చి, నామీద పడింది: "నిన్ను నమ్మి మేకలిచ్చేస్తి గదరా! నా చెల్లెలు ఊరకే ఇస్తాదా? నువ్వే వచ్చి చెప్పు!"

వెళ్లాను. వీధంతా వింటుండగా "అబద్ధం చెప్పినా" అన్నాను. మేకలు తిరిగొచ్చాయి. నా ప్రాణం కూడా. వచ్చాక భాయ్ అన్నదొకటే: "కోతలు కొయ్యి బేటా, దుకాణం కళకళలాడతాది. భయపడినోళ్ల ముందర మాత్రం వద్దు."

"విషమా అన్నా? నా చేతిమీద కూడా పాకింది" అన్నాడు బస్సులో కుర్రాడు, మొహం పాలిపోయి. పాముల్ని మింగే పురుగు నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏం కాదు తమ్ముడూ, రెండు రోజుల దురద" అని టేపు చించి ఇచ్చాను. గిద్దలూరు దగ్గరపడి, అతని మొహంలో రంగు తిరిగొచ్చాకే ఆ కథ ఎత్తుకున్నాను.