దిబ్బకు నంబరు లేదు

మా మ్యూజియం గోదాములో కుండ పెంకులు కడిగే ఆయన్ని మేమంతా పెంకుల బాబాయ్ అనేవాళ్లం. తవ్వకాల్లో దొరికిన పెంకుని కడిగి, ఆరబెట్టి, అది దొరికిన చోటి నంబరు చీమల్లాంటి అంకెలతో దాని వీపు మీద రాసి, ఇంకు చెరిగిపోకుండా పైన రంగులేని నెయిల్ పాలిష్ పూయడం ఆయన పని. ఇరవై ఎనిమిదేళ్లు అదే పని. పెళ్లయిన కొత్తలో చొక్కా జేబులో నెయిల్ పాలిష్ సీసా చూసి పిన్ని మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజు గోదాముకి వచ్చి, పెంకుల కుప్పల మధ్య గొంతుక్కూర్చున్న మొగుణ్ణి చూసి, ఈయన్ని ఇంకెవరు కోరుకుంటారులే అని నిశ్చింతగా వెళ్లిపోయిందట. చెప్పింది ఆవిడే.

ఆయన ఇంటికెళ్లే దారిలో ఏటి వంపు దగ్గర ఒక దిబ్బ ఉండేది. వాన పడితే చాలు, పాత పెంకులు పైకి తేలేవి. బాబాయ్ ఏరుకొచ్చేవాడు. కానీ మా దగ్గర ఒక పద్ధతుంది. నంబరు లేని పెంకు గోదాములో ఉండకూడదు, ఏడాది చివర చెత్తలో పోవాల్సిందే. చోటుకి నంబరు రావాలంటే అధికారి వెళ్లి చూసి సంతకం పెట్టాలి. బాబాయ్ మూడు అర్జీలు పెట్టాడు. మూడూ నా బల్ల మీంచే పైకి వెళ్లాయి, ఒక్కటీ కిందికి రాలేదు. పారేయడానికి చేతులు రాక, అధికారి వచ్చేదాకా కదా అనుకుని, దిబ్బ పెంకుల మీద, అప్పటికే తవ్వకాలు జరుగుతున్న అవతలి కొండ నంబరు వేశాడు. అలా పదకొండేళ్లు వేస్తూనే ఉన్నాడు.

ఈలోగా అక్కడ ఇటుక బట్టీ వెలిసింది. దానికి మట్టి ఆ దిబ్బదే. సగం పోయింది.

అప్పుడే, రాబోయే అయిదేళ్లలో మా ప్రాంతంలో ఏ చోట్లు ముందు తవ్వాలో, ఏవి ముందు కాపాడాలో తేల్చడానికి కమిటీ కూర్చుంది. ఓ ప్రొఫెసరు మేడమ్ దానికి పెద్ద. ఏ నంబరు మీద ఎక్కువ పెంకులుంటే ఆ చోటు ముందు అన్నారు. కొండ అన్నిటికన్నా పైన నిలిచింది. దిబ్బ జాబితాలోనే లేదు. పెట్టెలు మోయడానికి వచ్చిన బాబాయ్ గోడ పక్కన నిలబడి ఇదంతా విన్నాడు.

ఆయన బల్ల దగ్గరికి నడిస్తే, టీ వచ్చిందనుకుని అందరూ కాగితాలు పక్కకి జరిపారు. నాకు నవ్వొచ్చింది. దిబ్బ పెంకుల మీద కొండ నంబరు తనే వేస్తూ వచ్చానని ఆయన చెప్పింది విన్నాక ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మేడమ్ కోప్పడలేదు. ఒక పెట్టె కుమ్మరించమంది. బాబాయ్ నంబర్లు చూడకుండా, వేళ్లతో తడిమి, దిబ్బవి ఇటు, కొండవి అటు వేరుచేస్తూ పోయాడు.

"ఇవి అక్కడివే అనడానికి ఎక్కడైనా రాసుకున్నారా?" అని అడిగిందావిడ.

"లేదమ్మా. నేనే ఏరాను కదా."

"మీ మాట నమ్మాలనే ఉంది పెద్దాయనా. కానీ పదకొండేళ్లు మీరు రాసింది కూడా నమ్మాం కదా."

ఆయన చేతిలో పెంకుని దిబ్బ కుప్పలోనే వేశాడు.

కొండని జాబితాలోంచి తీసేశారు. దిబ్బని ఒకసారి చూసి రమ్మని అధికారికి కాగితం పంపారు. ఇంట్లో పిన్ని, "ఇన్నేళ్లకి ఒక్కసారి నోరు విప్పారు, అదీ మీ మీద మీరే చాడీ చెప్పుకోడానికా" అందట. ఉద్యోగం ఇంక ఎనిమిది నెలలే ఉందప్పటికి.

అధికారి ఏడో నెలలో వెళ్లాడు. చదునైన నేల మీద పచ్చి ఇటుకలు ఆరుతున్నాయి. చూడదగ్గదేమీ లేదని రాసిచ్చాడు. ఆ కాగితం కూడా నేనే ఫైల్లో పెట్టాను.

బాబాయ్ రిటైరయ్యే వారంలో, కల్తీ అయిన నలభై రెండు పెట్టెలకీ కొత్త చీటీలు అంటించమని నాకు ఆర్డరొచ్చింది. నా రాత కోడి గెలికినట్టుంటుందని ఆయనే తీసుకున్నాడు. ఒక్కో చీటీ మీదా గుండ్రంగా, కుదురుగా 'దొరికిన చోటు తెలియదు' అని రాశాడు. ఇంకు ఆరేదాకా కూర్చుని, ఒక్కొక్కటే అంటించాడు.