ఎల్లారెడ్డి నుంచి వచ్చిన క్యారియర్

కామారెడ్డి గంజ్ బజారులో సాయన్న బెల్లం నాణ్యత చూసేవాడు. రైతులు బండ్ల మీద తెచ్చిన దిమ్మల్ని సేటు కొనేముందు, వేలి కణుపుతో తట్టి, చెవి వంచి విని, అంచు విరిచి నాలుక చివర వేసుకునేవాడు. ఇసుక కలిసిందో లేదో, పాకం ముదిరిందో లేదో కళ్లు మూసుకొని చెప్పేవాడు. ఆయన తల అడ్డంగా ఊపితే బండి వెనక్కి తిరగాల్సిందే.

ఏళ్ల తరబడి ఆ పని చేసేసరికి అలవాటు గంజ్ గేటు దాటి బయటికి వచ్చింది. చెప్పులు కొన్నా తట్టేవాడు, కుండ కొన్నా తట్టేవాడు. మేనల్లుడికి సంబంధం చూడబోయి పిల్ల తరఫు వాళ్ల ఇంటి గోడ తట్టి వచ్చాడు. "పైన సున్నం, లోపలంత మట్టి. వద్దు" అన్నాడు. ఆయన మాట పక్కనబెట్టి పెళ్లి చేశారు. ఆ పిల్ల బంగారంలాంటిదని తర్వాత ఒప్పుకున్నాడు గానీ గోడ విషయంలో మాత్రం మాట మార్చలేదు.

ఆయన ప్రేమించీ నమ్మనిది ఒకటుంది. మా ఊరి ఫుట్‌బాల్ జట్టు, నౌజవాన్ క్లబ్.

ఎనభై మూడులో, వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, బస్టాండు ఎదుట రహమాన్ హోటల్లో ఆ ఏటి సీజన్ గురించి వాదన మొదలైంది. మూలబల్ల నాది. వినడానికే కూర్చునేవాణ్ని.

"ఈసారి మన జట్టు వేరే" అన్నాడు అబ్రాహాము. ఆయన దవాఖానాలో కాంపౌండరు, జట్టుకు మేనేజరు.

"పోయినేడు గూడ గదే అన్నవు సార్. నిజమే, వేరేగనే ఉండె. అంతకుముందేడు మూడు గోల్స్ తిన్నరు, పోయినేడు ఐదు తిన్నరు" అన్నాడు సాయన్న.

"దోమకొండ నుంచి సీతారాం అని కొత్తోడు వస్తున్నడు. వాని ఎడమ కాలు చూసినవా నువ్వు?"

"మరి కుడి కాలు సంగతేంది?"

"అది నిలబడనీకి ఉన్నది."

గల్లాపెట్టె వెనక నుంచి రహమాన్ నవ్వాడు. "మన సెంటర్ ఫార్వర్డ్‌కు రెండు కాళ్లూ నిలబడనీకే ఉన్నయి. లగ్గం అయిన కాడి నుంచి ఉరుకుతనే లేడు."

"లగ్గానికి, మోకాలికి ఏం సంబంధం భాయ్?"

"నాకేమెరుక. చూసింది చెప్తున్న."

ప్రతి ఏడూ సీజన్‌లో మొదటి ఆట ఎల్లారెడ్డిలో జరిగేది. అక్కడ ఓడిపోయాక మా వాళ్లు ఆ ఏడంతా మళ్లీ లేచేవాళ్లు కాదు. ఓడే పద్ధతి కూడా ఒక్కటే. హాఫ్ టైం దాకా పులుల్లా ఆడేవాళ్లు. ఆ తర్వాత పొలంలో దిష్టిబొమ్మల్లా నిలబడిపోయేవాళ్లు. జట్టు పొద్దుటి బస్సుకే పోయేది, అభిమానులం మధ్యాహ్నం బస్సుకు పోయి ఆట మాత్రమే చూసి వచ్చేవాళ్లం కనుక కారణం ఎవరికీ అంతుపట్టలేదు.

"గాలి ఎదురు కొట్టిందయ్యా" అన్నాడు అబ్రాహాము. ఏటా ఆయన చెప్పేది ఇదే.

"హాఫ్ టైంకు ముందు గా గాలి మన దిక్కే ఉండె గద. గప్పుడు మనమొక్కటన్న కొట్టినమా?" సాయన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టి గొంతు తగ్గించాడు. "గాలి కాదు సార్. గోల్ల నిలబడ్డోని సంగతి చూడాలె."

గోల్‌కీపర్ సత్తార్. పరుపులు, దిండ్లు కుట్టి తల్లి ఖుర్షీద్ బేగాన్ని సాకుతున్నాడు. వారమంతా దూదిలో కూర్చొని, ఆదివారం మట్టిలో దూకేవాడు. ఊళ్లో అతన్ని పేరుపెట్టి పిలిచే చోటు ఆ రెండు గోల్‌పోస్టుల మధ్యే. మిగతా అన్నిచోట్లా "ఓ పరుపులాయనా" అనేవాళ్లు.

"సత్తార్ చెల్లెను ఎవరికిచ్చిండ్రు? ఎల్లారెడ్డి ఫరీద్ సాబ్ కొడుక్కు. ఆ ఊరి జట్టుకు బనీన్లు, బంతులు ఎవరిస్తరు? ఫరీద్ సాబే. చెల్లె అత్తగారోళ్లు కొట్టే గోల్ ఎవడన్న ఆపుతడా?"

"అల్లుకుంటున్నవు సాయన్నా" అన్నాడు రహమాన్. కానీ ఆయన గొంతులో కూడా తెలుసుకోవాలన్న ఆశ ఉంది.

"అల్లుతలేను. పోయినేడు ఓడిపోయి బస్సు దిగినప్పుడు సత్తార్ చేతుల ఏముండె? మూడు గిన్నెల క్యారియర్. పొద్దుగాల పోయినప్పుడు లేదు. ఏముందిరా అంటే ఏం లేదు మామా అని వెనక్కి దాసుకున్నడు. ఏం లేనిదాన్ని ఎందుకు దాసుకుంటరు?"

అప్పటికే సత్తార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భుజాల మీద, జుట్టులో దూది పోగులు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో తెలియదు.

"నా ముంగటనే అను మామా."

"అంట. ఆ క్యారియర్ల ఏముండె?"

సత్తార్ నోరు తెరిచాడు. అబ్రాహాము వైపు చూశాడు. అబ్రాహాము టీలో ఏదో పడ్డట్టు గ్లాసులోకే చూస్తున్నాడు.

"చెప్ప" అన్నాడు సత్తార్.

హోటలంతా గుసగుసలాడింది. వెనక బల్ల నుంచి ఎవరో "వాన్ని మార్చుండ్రి" అన్నారు. ఇంకెవరో "చేతులల్ల దూది పెట్టుకొని దిగుతడు" అన్నారు. సత్తార్ చెవులు ఎర్రబడ్డాయి గానీ అక్కణ్నుంచి కదల్లేదు.

సాయన్నే చెయ్యెత్తి అందరినీ ఆపాడు. పగలగొట్టి చూడకుండా బండిని వాపసు పంపే మనిషి కాడాయన. "ఈసారి పొద్దుగాల బస్సుకు జట్టుతోని నేను పోత. వీన్ని ఇడువకుండ చూస్త. దొంగైతే ఇగ గోల్ల నిలబడొద్దు. కాకపోతే ఇదే హోటల్ల అందరి ముంగట నిలబడి, తప్పు నాదని చెప్త."

"రా మామా" అన్నాడు సత్తార్.

ఆ తర్వాత జరిగింది సాయన్న నాకు చాలాసార్లు చెప్పాడు. ఏ ఒక్కసారీ తనను తాను తక్కువ చేసుకోవడానికి వెనకాడలేదు.

బస్సులో సత్తార్ వెనక సీట్లో కూర్చున్నాడు. లింగంపేటలో బస్సు ఆగినప్పుడు ఒకామె కిటికీలోంచి సత్తార్ ఒడిలో గుడ్డమూట పెట్టింది. సాయన్న లేచి నిలబడి మూట విప్పించాడు. సీతాఫలాలు. డబ్బుల కోసం చెయ్యి చాపి ఆమె విసుక్కుంది. "కొంటే కొనుండ్రి, గట్ల పిసుకుడేంది?"

ఎల్లారెడ్డిలో ఫరీద్ సాబ్ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. వాకిట్లో టార్పాలిన్ కింద పొడవాటి గుడ్డ పరిచి ఉంది. దాని మీద బగారా అన్నం, మాంసం కూర, దాల్చా, పాలల్లో నానిన రొట్టెముక్కల మిఠాయి. సాయన్న అబ్రాహాము వైపు తిరిగాడు.

"సార్, ఈడ రెండు రొట్టెలు, పప్పు పెడ్తరని అన్నవు గద?"

అప్పటికే చొక్కా చేతులు మడిచి కూర్చున్న అబ్రాహాముకు ఆ మాట వినిపించలేదు.

సాయన్నకు కొత్త అనుమానం పుట్టింది. నల్లమందు గాని కలిపారేమో. అందరూ తింటున్నా తాను ముట్టలేదు. ఎవరి తల వాలుతుందా అని చూస్తూ కూర్చున్నాడు. ఎవరి తలా వాలలేదు, చేతులు మాత్రం ఆగలేదు.

"మా ఊరికొచ్చినోళ్లు సగం ఆకలితోని ఆడితే నా ఇజ్జత్ పోతది. మొహమాటం వద్దు" అంటూ ఫరీద్ సాబ్ వెనక నిలబడి ఒక్కొక్కరి పళ్లెం చూస్తున్నాడు. ఆ ముఖంలో కపటం ఎంత వెతికినా సాయన్నకు కనపడలేదు.

వంటింటి పరదా పక్క నుంచి సత్తార్ చెల్లెలు రఫియా అడిగింది. "సాయన్న మామా, మా అమ్మగారి ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషివి. నువ్వే తినకపోతే మా అత్త నన్నేమంటది? ఒక్క ముద్ద."

సాయన్న ఒక్క మెతుకు, చిన్న మాంసం ముక్క తీసి నాలుక చివర వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఏమున్నది మామా?" వంగి వడ్డిస్తూ సత్తార్ అడిగాడు.

"ఇసుకైతే లేదు."

ఆ తర్వాత ఎంత తిన్నాడో ఆయన లెక్క పెట్టుకోలేదు. మిఠాయి మాత్రం తానే అడిగి మళ్లీ వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కుంటున్నప్పుడు ఒక విషయం గుర్తొచ్చింది. సత్తార్ మొదటి నుంచీ గిన్నెలు మోస్తూనే ఉన్నాడు, నీళ్లు పోస్తూనే ఉన్నాడు, ఒక్క చోటన్నా కూర్చోలేదు. పిల్లనిచ్చిన ఇంట్లో ఆమె అన్న అట్లా తిరగడం మామూలే. అయినా ఆ విషయాన్ని ఆయన మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

ఆట మొదలైంది. గోల్‌పోస్టులకు వల లేదు. సాయన్న సరిగ్గా సత్తార్ వీపు వెనక, నేల మీద బైఠాయించాడు. సీతారాం ఎడమ కాలు అబ్రాహాము చెప్పినట్టే ఉంది. హాఫ్ టైంకు మనమే ఒక గోలు ముందున్నాం. మధ్యాహ్నం బస్సుకొచ్చిన రహమాన్ గీత అవతల తువ్వాల ఊపుతున్నాడు.

హాఫ్ టైం తర్వాత మన డిఫెన్సు వాళ్లు ముందు నడుం మీద చేతులు పెట్టుకున్నారు. తర్వాత మోకాళ్ల మీద పెట్టుకున్నారు. ఎల్లారెడ్డివాళ్లు పెళ్లి ఊరేగింపులా వాళ్ల మధ్య నుంచి నడిచివచ్చారు. సత్తార్ ఎడమకు దూకి ఒకటి ఆపాడు, కుడికి దూకి ఇంకొకటి ఆపాడు. మోచేతి చర్మం లేచిపోయింది. మూడోది ఆపలేకపోయాడు. ముగ్గురు ఒకేసారి మీదికొస్తే ఎవరూ ఆపలేరని సాయన్నకు కూడా అర్థమైంది. "ఉరుకుండ్రిరా!" అని అరవబోయాడు. గొంతులోంచి ఆవలింత వచ్చింది. ఎండ చల్లబడింది, గాలి మెల్లగా వీస్తోంది.

పొట్ట మీద ఏదో ధబ్బున పడితే కళ్లు తెరిచాడు. ఎదురుగా మట్టి కొట్టుకుపోయిన సత్తార్ నిలబడి ఉన్నాడు.

"మామా, బంతి ఇయ్యి."

"ఎన్నోది?"

"నాలుగో గోల్."

అదే ఆఖరు. బస్సెక్కే ముందు రఫియా సత్తార్‌కు మూడు గిన్నెల క్యారియర్ ఇచ్చింది. సాయన్న దాన్ని చేతిలోంచి లాక్కుని, వేలి కణుపుతో తట్టి, గొళ్లెం తీశాడు. బగారా అన్నం, కూర, మిఠాయి. ఇంకేమీ లేదు. గిన్నెలు వేడి వేడిగా ఉన్నాయి.

"అన్న ఆట దినం పొద్దుగాల నుంచి ఏం తినడు మామా" అంది రఫియా. "తింటే దూకరాదంటడు. మీకు పెట్టి, పోయేటప్పుడు వానిది నేను కట్టిస్త. ఎందుకు, ఏమన్న తక్కువైందా?"

"తక్కువ గాలే బిడ్డా" అన్నాడు సాయన్న.

లింగంపేట దాటాక ఆయన లేచి వచ్చి సత్తార్ పక్కన కూర్చున్నాడు. బస్సులో అందరూ నిద్రపోతున్నారు. సత్తార్ ఒక్కడే ఒళ్లో క్యారియర్ పెట్టుకొని తింటున్నాడు.

"ఎందుకు చెప్పలేదురా? ఇంతమంది ఎరుగుదురు. ఒక్కడన్న నోరిప్పలే."

"ఇప్పితే వచ్చే ఏడు దావత్ ఉండదు గద. అందుకే ఇప్పరు" అన్నాడు సత్తార్ నెమ్మదిగా. "నేనెట్ల చెప్పాలె? మా చెల్లె అత్తగారింటి అన్నమే మన జట్టును పండబెట్టిందని చెప్పాల్నా? ఆ మాట తెల్లారేసరికి ఎల్లారెడ్డి చేరతది. పెట్టిన చేతిని తిట్టినట్టు గాదా? నన్ను దొంగంటే నాతోని పోతది."

సాయన్న రాత్రంతా ఆలోచించి ఉంటాడు. తెల్లారి హోటల్ కిక్కిరిసిపోయింది. సత్తార్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, బయటికి పోవడానికి సిద్ధమైనట్టు. అబ్రాహాము అప్పటికే గాలి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. సాయన్న లేచి నిలబడ్డాడు.

"సత్తార్ సాఫ్ ఉన్నడు. తప్పు నాది."

"సబూత్? ఏం చూసి అంటున్నవు?" అన్నాడు రహమాన్.

"క్యారియర్ల వాడు తినని అన్నం. ఆట దినం వాడు ఉపాసం. చెల్లె కట్టిస్తది. నా చేతులతోని ఇప్పి చూసిన."

"మరి నాలుగు గోల్స్ ఎట్లైనయి?"

అబ్రాహాము గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది. గుమ్మంలో సత్తార్ తల వద్దన్నట్టు కొద్దిగా కదిలింది.

"ఒకటి చూసిన. ముగ్గురొచ్చిండ్రు, వీడొక్కడు. మిగిలినయి చూడలే" అన్నాడు సాయన్న. "పండుకున్న."

"ఏందీ?"

"గోల్ వెనక పండుకున్న. బంతి కడుపు మీద పడితే లేచిన. పెట్టింది తిన్న, చాలక అడిగి మల్ల తిన్న. ఇంటికొచ్చినోనికి కడుపునిండ పెట్టుడు వాళ్ల మర్యాద. ఆడనీకి పోయినోడు ఎంత తినాలెనో తినేటోనికి ఎరుక ఉండాలె. నాకు లేకపాయె. ఇంకెవరికి లేకపాయెనో వాళ్లను వాళ్లే అడుగుకోవాలె."

హోటలంతా అబ్రాహాము వైపు తిరిగింది. ఆయన పైకప్పు దూలాలు చూస్తూ కూర్చున్నాడు.

రహమాన్ గల్లాపెట్టె మీద మోచేతులు ఆనించి సాయన్నను పైనుంచి కిందిదాకా చూశాడు. "చూసి రమ్మంటే పండుకొని వచ్చినవు. వాళ్ల అన్నం తిని వాళ్లను మంచోళ్లంటున్నవు. అంటే నిన్ను గూడ కొన్నరన్నట్టు."

ఎవరూ నవ్వలేదు. సాయన్న టీ గ్లాసును బల్ల మీద పక్కకు జరిపాడు.

"అనుకో భాయ్" అన్నాడు. "గోల్ల మాత్రం సత్తారే నిలబడాలె."

సత్తారే నిలబడ్డాడు, ఆ ఏడూ, ఆ తర్వాత మోకాలు అరిగేదాకా. సాయన్న మాత్రం హోటల్లోకి వస్తే ఎవరో ఒకరు వేలి కణుపుతో బల్ల తట్టేవాళ్లు. ఆయన వినిపించనట్టు కూర్చునేవాడు.

మరుసటి ఏడు వానలు తగ్గగానే ఆయనే ఎల్లారెడ్డి పోయి, దావత్ ఆట అయినంక పెట్టమని అడిగాడు. ఫరీద్ సాబ్ ముఖం ముడుచుకుంది. "మా అన్నం మీద అనుమానమా?" అన్నాడు.

"అన్నం మీద కాదు సాబ్. నా మీద."

ఆ ఏడు దావత్ ఆట అయ్యాకే పెట్టారు, ఒక్క గోలు తేడాతోనే ఓడిపోయాం. సాయన్న మీద కన్నేసి ఉంచడానికి రహమాన్ హోటల్ మూసి మరీ పొద్దుటి బస్సుకు పోయాడు. తిరిగివచ్చి బస్టాండులో దిగినప్పుడు సత్తార్ రెండు చేతులకూ కట్లున్నాయి. ఖుర్షీద్ బేగానికి రఫియా పంపిన క్యారియర్‌ను సాయన్న మోసుకొస్తున్నాడు.

"ఏమున్నది అండ్ల?" రహమాన్ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

జవాబు కోసం ఆగకుండా, వేలి కణుపుతో మూత మీద తట్టాడు. సాయన్న అలవాటు కొద్దీ చెవి వంచి విన్నాడు.